రెండు రెక్కలకీ పసుపు

పదవీ విరమణ అన్న పెద్ద మాట నాకు వర్తించదు. ఔట్‌సోర్సింగ్ వాడికి పదవి ఉండదు, విరమణ ఒక్కటే ఉంటుంది. ఒక పొద్దున్న గేటు దగ్గర మనకి బదులు ఇంకొకడు నిలబడి ఉంటాడు, అంతే. కాబట్టి కొత్తగా ఈ పనిలో చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, దీన్ని శాలువా కప్పించుకున్న పెద్దమనిషి ఉపన్యాసం అనుకోకండి. మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నవాడి సొద అనుకుని చదవండి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేయాలి. నేను కోతలరాయుణ్ని. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు దగ్గర్నుంచి రైల్వే స్టేషను దాకా ఎవర్నడిగినా చెబుతారు. వానలు గట్టిగా పడిన ఏడు శారదానది చేపలు గట్టెక్కి టీ తాగి వెళ్లాయని చెప్పింది నేనే. నేను రాని రోజుల్లో నా బదులు ఒక తొండ వచ్చి సంతకం పెట్టేదని చెప్పిందీ నేనే. ఇప్పుడు ఓపిక తగ్గింది. ఇందులో చేపలూ లేవు, తొండలూ లేవు. నమ్మకపోయినా ఫరవాలేదు, అది నాకు అలవాటే.

నేను పని చేసింది సబ్బవరం రోడ్డు వైపు, కొండ వారనున్న అటవీశాఖ మొక్కల నర్సరీలో. మొక్కలకి నీళ్లు పెట్టడం మా ఉద్యోగం. కాలు విరిగిన కొంగ, బావిలో పడ్డ అడవిపిల్లి, ఎవరికి ఏది దొరికినా మా గేటు దగ్గర వదిలేసి పోయేవారు గనక వాటిని సాకడం ఉద్యోగం కాని ఉద్యోగం. ఆ రెండో పనిలో నాకు జోడీ ఒక పెద్దావిడ. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిణ్ని అందరూ అప్ప అనే పిలిచేవారు, రేంజరు గారితో సహా. ఆదివారం ప్రార్థనకి వెళ్లే పూట తప్ప ఆవిడ లేని నర్సరీని నేను చూడలేదు.

ఆ ఏడు వానాకాలంలో తుమ్మపాల దగ్గర ఒక తోటలో ఆడవాళ్లు చెరకుకి జడలు కడుతున్నారు. గాలికి పడిపోకుండా నాలుగైదు గడల్ని వాటి ఆకులతోనే కలిపి చుట్టే పని అది. తోట నడిమధ్యలో, ఆకుల కింద వాళ్లకి నెమలి గుడ్లు కనబడ్డాయి. తల్లిని కుక్కలు తరిమాయట. సాయంత్రం దాకా చూశారు, తిరిగి రాలేదు. తట్టలో గడ్డి వేసి, గుడ్లు అందులో పేర్చి మా దగ్గరకి తెచ్చారు.

అప్ప ఒక గుడ్డు తీసి చెంపకి ఆనించుకుంది. "ఎచ్చగుందిరా," అంది. అంతే, గుడ్ల బాధ్యత ఆవిడ నెత్తికెక్కింది. ఇంట్లో పొదుగుకొచ్చిన నాటు కోడిపెట్టని చంకన పెట్టుకుని మర్నాడే తెచ్చింది.

కోడిగుడ్డు కంటే నెమలిగుడ్డుకి ఇంకో వారం ఎక్కువ పొదుగు కావాలి. ఆ సంగతి కోడికి ఎవరూ చెప్పరు. తన మూడు వారాలూ కాగానే అది లేచి, రెక్కలు దులుపుకుని, డ్యూటీ దిగిన కండక్టరులా నిలబడింది. అప్ప దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇంకొన్నాళ్లు ఓర్సుకోవే తల్లీ. అందరికీ టయానికి పనైపోతాదేటి? మా జీతాలు టయానికొత్తన్నాయా?"

కోడి ఆలోచించింది. మళ్లీ కూర్చుంది. ఇది కోత కాదు.

పిల్లలు పుట్టాయి. నెమలి పిల్ల నెమలిలా ఉండదు, ఆ మాట మీరు ముందుగా తెలుసుకోవాలి. మట్టిరంగు ఉండకి కాళ్లు పెట్టినట్టుంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు "ఇవేనా?" అని మొహం వేలేసుకుని పోయేవారు. ఆఖరి గుడ్డు మాత్రం పగలలేదు. చిన్న కన్నం పడి, లోపల్నుంచి ముక్కు కనబడి, అక్కడే ఆగిపోయింది. అప్ప గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, పెంకు మీద అద్దుతూ ఒక పూటంతా కూర్చుంది. చివరికి బయటికొచ్చిన పిల్ల తడిసిన దూది కంటే హీనంగా ఉంది. దాన్ని కోడి కిందకి కూడా పంపలేదావిడ. కొంగులో మూటగట్టి బొడ్లో దోపుకుని, అలాగే మొక్కలకి నీళ్లు పెట్టింది. మా వైపు గుంటడంటే మగపిల్లాడు. రెండో రోజుకే ఆ పిల్ల ఆవిడకి గుంటడైపోయింది.

"గుంటడని నీకెలగ తెలుసప్పా?" అన్నాను.

"ఇంత కట్టపడి పుట్టినోడు మగోడు కాకేటవుతాడు? ఆడది గుట్టుగా పుట్టేత్తాది," అంది.

సాకడం గురించి ఎక్కువ రాయను. కోడిపిల్లలకి వేసే నూకలు వీటికి చాలవు, పురుగు కావాలి. పాత కుండలో తడిపిన పేడా గడ్డీ కుక్కి, చెదలున్న చోట బోర్లించి, మర్నాడు తీస్తే కుండ నిండా చెదలు. వాటిని పిల్లల ముందు దులపడం మా పొద్దుటి పని. తడి తగలకూడదు. కానీ ఆ ఏడు వాన మా మాట వినలేదు. నేల ఆరక, ఎర్రగా పారుకుని కొన్ని పిల్లలు పోయాయి. చచ్చిన పిల్లని గట్టు కింద పాతిపెట్టి వచ్చి, అదే చేత్తో మిగతావాటికి చెదలు దులపాలి. ఈ పనిలో అలసట బరువులు మొయ్యడంలో లేదు, అక్కడుంది. ఎవరూ మీకు చెప్పరు గనక నేను చెబుతున్నాను.

మిగిలినవి రెక్కలు రాగానే షెడ్డు వాసాల మీదకి ఎగరడం మొదలుపెట్టాయి. నెమలి నేల మీద నిద్రపోదు. పెంచిన కోడి కింద నిలబడి, మెడ నిక్కించి, "దిగండ్రా, పడతారు" అని అరుస్తూ ఉండేది. తను పెంచినవి తనకంటే పైన ఎందుకు కూర్చుంటున్నాయో దానికి ఆఖరికీ అర్థం కాలేదు.

మా జీపు డ్రైవరు నాకు బావ వరస. అతనికో పిచ్చి, పిల్లల్లో మగవేవో ఆడవేవో తెలుసుకోవాలి. రోజూ అదే గోల.

"బావా, తోక ఇప్పి ఆడతన్నాది సూడు. అది మగదే గదా?"

ఇది అందరూ పడే పొరపాటు. చిన్నప్పుడు ఆడవీ విప్పుతాయి, మగవీ విప్పుతాయి. వేలెడంత తోకని విసనకర్రలా పరుచుకుని గిర్రున తిరుగుతాయి. ఆట చూసి చెప్పకూడదు. కాళ్లు చూడాలి, మగదానివి కాస్త పొడుగు. ఇంకొంచెం పెరిగాక రెక్క చివర పొడుగు ఈకలు చూడాలి. మగదానికి అవి లేత ఇటుకరంగులోకి, ఆడదానికి బూడిద కలిసిన మట్టిరంగులోకి తిరుగుతాయి. ఇదంతా నాకు తెలుసు. కానీ తెలిసింది తెలిసినట్టు చెబితే నేనెందుకు?

"అద్దం పెట్టి సూడు బావా," అన్నాను. "మగదైతే అద్దంలో తన్ను తాను సూసుకుంటా నిలబడిపోతాది. ఆడదైతే అద్దం ఎనకాల ఎవులున్నారో సూడ్డానికెల్తాది."

అతను నమ్మాడు. జీపుకి పక్కనున్న అద్దం ఊడదీసి తెచ్చి షెడ్డులో పెట్టాడు. నెమలి పిల్లలు దానికేసి చూడనైనా లేదు. కోడి చూసింది. తన పిల్లల మధ్యలోకి ఇంకో కోడి వచ్చిందనుకుని ఎగిరి తన్నింది, పొడిచింది, అద్దం మూడు చెక్కలైంది. మధ్యాహ్నం రేంజరు గారు జీపు చూసి అద్దమేదని అడిగారు.

"కోడి పొడిసేసిందండి," అన్నాడు డ్రైవరు.

రేంజరు గారు అతన్ని ఏమీ అనలేదు. నా వైపు తిరిగి, "ఇది నువ్వు నేర్పిన మాటేనా?" అన్నారు. నా పరపతి అలాంటిది. ఊళ్లో ఎవరి నోట ఏ వింత నిజం వచ్చినా అది నా ఖాతాలో పడేది.

పిల్లలు కోడి సైజు దాటుతున్న రోజుల్లో గుంటడికి దెబ్బ తగిలింది. గోడ దూకి వచ్చిన పిల్లికి భయపడి ఎగిరి, నీడ కోసం కట్టిన ఆకుపచ్చ వలలో ఇరుక్కుని కొట్టుకుంది. కుడి రెక్క మొదట్లో చర్మం లేచిపోయింది. అప్ప పసుపూ కొబ్బరినూనె కలిపి గాయానికి రాసింది. అక్కడితో ఆగలేదు, రెక్క పొడుగునా పులిమింది. తర్వాత ఎడమ రెక్క కూడా పట్టుకుంది.

"దానికేటైందప్పా? అది బాగానే ఉందిగా," అన్నాను.

"ఒక కంటికి కాటుకెట్టి రెండో కన్నొగ్గేత్తావేట్రా?" అంది.

 గాయం మానిపోయింది. పసుపు మాత్రం మానలేదు. నలుగు పెట్టినట్టు రోజూ పెట్టేది. గుంటడు కూడా అలవాటుపడి, పొద్దున్నే వచ్చి ఆవిడ ముందు రెక్క చాచేది. మిగతావి మట్టిరంగులో తిరుగుతుంటే, అది పెళ్లికొడుకులా తిరిగేది.

అప్పుడొచ్చింది పైనుంచి ఆర్డరు. నగరంలో ఒక పక్షుల పార్కు ఉంది. అక్కడ మగ నెమళ్లు ఎక్కువై, ఆడవి తక్కువై, ఒకదాన్నొకటి చీల్చుకుంటున్నాయట. కాబట్టి మా పిల్లల్లో ఆడవన్నీ పార్కుకి ఇవ్వాలి. మగవాటిని మా వెనకున్న కొండ మీదే వదిలెయ్యాలి. పార్కు నుంచి పశువుల డాక్టరు వచ్చి ఏది ఏదో చూసి తేల్చి, పట్టుకుపోతాడు.

చదివి వినిపించగానే డ్రైవరు నవ్వాడు. "మన దగ్గర మగోడిగా పుడితే అడివి, ఆడదైతే జైలు," అన్నాడు. అప్ప నవ్వలేదు. ఒకసారి చర్చి సంఘం వాళ్లతో ఆ పార్కు చూసొచ్చిందావిడ. వల పక్కనే అటూ ఇటూ తిరుగుతున్న ఒక ఆడ నెమలిని చూసిందట. "అది నడిసిన సోట గడ్డి మొలవలేదురా," అని అప్పట్లోనే నాతో చెప్పింది.

డాక్టరు వచ్చే ముందురోజు మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, నా పక్కన వచ్చి కూర్చుంది.

"గుంటడు గుంటడే గదరా?"

నేను చేతులు కడుక్కుంటున్నట్టు నటించాను.

"నాకూ కళ్లున్నాయిరా. కాళ్లు పొట్టి. తెలుసు," అంది. "అయినా ఆ డాక్టరు రెక్క సూత్తాడంట గదా. మట్టిరంగు మీద పసుపు పట్టి రెక్క ఇటికరంగుకొచ్చింది. ఆడు మగదంటే మగదే. నువ్వు మాత్రం నోరిప్పకు. ఇప్పినా ఏదోటి కోసెయ్. నీకది కొత్తేటి?"

"సరే అప్పా."

"ఒట్టా?"

"నా ఒట్టు నమ్ముతావా నువ్వు?"

"ఇలాటి పనికైతే నమ్ముతాను," అంది, ఆర్డరు వచ్చాక మొదటిసారి నవ్వి.

ఆమె అడిగింది పెద్ద సాయమేం కాదు. ఎవరికీ నష్టం లేదు. పార్కుకి ఒక నెమలి తక్కువైనా కొంప మునగదు. పైగా నేను నిజంగానే మంచి కోత సిద్ధం చేసుకున్నాను. పుట్టడం ఆలస్యమైన మగపిల్లకి కాళ్లు పొట్టిగా ఉంటాయనీ, మా తాతగారి కాలంలో అలాంటి నెమలి ఒకటి గాలికొండ దాకా పాకుతూ వెళ్లిందనీ.

మర్నాడు నీళ్ల మోటారు కాలిపోయింది. పొద్దున్నుంచీ బావి నుంచి బిందెలతో తోడి మొక్కలకి పోశాను. డాక్టరు వస్తాడు వస్తాడని అన్నం తినలేదు. వ్యాను ఎండ నడినెత్తికొచ్చాక వచ్చింది. డాక్టరు కుర్రవాడు, మంచివాడు, చేతులు మెత్తగా ఉన్నాయి. పక్షిని పట్టుకుంటే అది గింజుకోలేదు. ఒక్కోదాన్నీ నేను పట్టి ఇచ్చాను, అతను కాళ్లు చూసి, రెక్క విప్పి, ఆడా మగా చెప్పాడు. ఆడవి అట్టపెట్టెల్లోకి, మగవి తిరిగి షెడ్డులోకి. అన్నీ నేననుకున్నట్టే చెప్పాడు.

ఆఖరిదాన్ని అప్ప ఎత్తుకుని ఉంది. నాకివ్వలేదు. తనే తెచ్చి, ఒళ్లో ఉంచుకునే రెక్క చాచి చూపించింది. డాక్టరు ఈకలు ఒక్కొక్కటీ విడదీసి చూశాడు.

"రంగు మగదే," అన్నాడు. "కాళ్లు చూస్తే అలా లేదు." ఇంకాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "రోజూ చూసేది మీరు కదండీ. మీరేమంటారు?" అన్నాడు.

అన్నేళ్ల ఉద్యోగంలో నన్ను అండీ అన్నవాడు అతనే. అంతలో కుర్చీలో కూర్చున్న రేంజరు గారు అందుకున్నారు.

"వాణ్ని అడిగారా! నెమలి గుడ్డులోంచి ఏనుగు దిగిందంటాడు."

అందరూ నవ్వారు. డ్రైవరు నవ్వాడు. నేను కూడా నవ్వాను. అప్ప నవ్వలేదు, నా నోటి వైపే చూస్తోంది. నా కోత నాలిక చివర ఉంది. ఇంత చెబితే చాలు, మళ్లీ నవ్వుతారు, ఆ నవ్వులో డాక్టరు మగదని చెప్పేస్తాడు, వ్యాను వెళ్లిపోతుంది.

"అది పసుపు సార్," అన్నాను. "ఆడది."

ఎందుకన్నానో చాలాకాలం ఆలోచించాను. నిజాయితీ అని మాత్రం అనుకోకండి, అది నాకు పడదు. బిందెలు మోసి మోసి భుజాలు పడిపోయి ఉన్నాయి. నవ్వించి నవ్వించి కూడా విసిగిపోయి ఉన్నాను. అబద్ధాన్ని నిలబెట్టాలంటే ఒళ్లు వంచాలి, మొహం మార్చాలి, చెప్పాక కాపలా కాయాలి. నిజానికి అవేవీ అక్కర్లేదు, చేతిలోది వదిలేస్తే చాలు. ఆ మధ్యాహ్నం నా చెయ్యి వదులైంది.

డాక్టరు బొటనవేలు తడి చేసుకుని ఈక మీద రుద్దాడు. వేలు పచ్చగా వచ్చింది. "మంచిదండీ, చెప్పారు," అన్నాడు నాతో. ఆ ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

అప్ప ఖాళీ పెట్టె ఒకటి దగ్గరకి లాక్కుంది. పెట్టెలో గోనె ముక్క పరిచింది. గుంటణ్ని, ఆ పేరు నాకు ఇప్పటికీ మారదు, తనే అందులో కూర్చోబెట్టింది. మూత వెయ్యబోతున్న డాక్టరు చెయ్యి ఆపి, "గాయం మల్లా పచ్చిదేలితే పసుపు రాయి బాబూ," అంది. "రెండు రెక్కలకీ."

అతను రాస్తానన్నాడు. రాసే ఉంటాడు, ఆ మొహం అలాంటిది.

మగవాటిని ఆ సాయంత్రమే కొండ మీద వదిలాం. కొన్నాళ్లకి డ్రైవరు నన్ను పక్కకి పిలిచి, కొండ అవతల ఒకదాన్ని కుక్కలు తినేశాయనీ, మిగతావి ఎక్కడా కనబడ్డం లేదనీ చెప్పాడు. నేను అప్ప దగ్గరకెళ్లి, "పైన రాతి మీద అన్నీ వరసగా కూకున్నాయప్పా, నాను పిలిత్తే పలికేయి," అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక తిరిగి వచ్చేసింది. రావాల్సిన రోజు తప్ప మిగతా అన్ని రోజులూ వస్తూనే ఉంది. ఆవిడ వినిపించుకోనట్టు నీళ్లగొట్టం లాక్కుంటూ వెళ్లిపోయింది. గేటు దగ్గరకొచ్చే వేరే పిట్టల కోసం చెదల కుండ ఇద్దరం కలిసే బోర్లించేవాళ్లం, కలిసే తీసేవాళ్లం, మాటలుండేవి కావు. పనిలో ఉన్నవాళ్లకి తెలుస్తుంది, అలా ఏళ్లు గడిచిపోతాయి.

తర్వాత కాంట్రాక్టు మారింది. కొత్తాయన మనుషులు కొత్తవాళ్లు. నా మోకాళ్లు నన్ను ఇంటికి పంపాయి, అప్పని వయసు కూడా ఇంటికి పంపలేకపోయింది. పరవాడలో ఏదో మందుల కంపెనీలో ఊడ్చే పనికి చేరింది.

మొన్నామధ్య పొద్దున్నే మందుల చీటీ పట్టుకుని వెళ్తుంటే, కంపెనీ బస్సు కోసం నిలబడి కనబడింది. నీలం రంగు యూనిఫాం కోటు, చేతిలో క్యారేజీ. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. దగ్గరకి రమ్మన్నట్టు తలూపింది.

"పార్కుకెల్లేన్రా," అంది. "సూసేను."

"ఎలగుందప్పా?"

"ఎలగుందేటి? గుంటడే ఆడు! తోక ఇంత పొడుగు." క్యారేజీ కింద పెట్టి, రెండు చేతులూ బారచాచింది. చాలలేదని రెండడుగులు పక్కకి జరిగి మళ్లీ చాచింది. "నన్ను సూడగానే ఇప్పేడు. జనమంతా సెల్‌ఫోన్లట్టుకుని ఒకటే ఫొటోలు. ఆ మెడ నీలం, నీ లుంగీ ఏపాటి!"

ఆడ నెమలికి అంత తోక రాదు. మెడ నీలం కాదు. మా ఇద్దరిలో ఎవరికి తెలియనిది అది? కోత ఎలా కోయాలో ఆవిడ నా దగ్గరే నేర్చుకుంది, ఎక్కడ ఆపాలో నేర్చుకోలేదు. నేనూ ఏనాడూ ఆపలేదు కదా, ఎలా నేర్పుతాను?

"పసుపు పోయిందా మరి?" అన్నాను.

"పసుపేటి? అది పుట్టు రంగురా!"

అటుపక్క నుంచి బస్సు మలుపు తిరుగుతోంది. నేను తల దించుకున్నాను.

"అయితే నానే పొరబడ్డానప్పా. ఆ రోజు సరిగ్గా సూడలేదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. బస్సు వచ్చి ఆగింది. క్యారేజీ తీసుకుని, ఒక కాలు మెట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగింది.

"పుట్టిన కాడ్నుంచీ అబద్ధాలే కోసినోడివి," అంది. "ఆ ఒక్క రోజూ నిజం ఎక్కడ దొరికిందిరా నీకు?"

"అలిసిపోయేనప్పా," అన్నాను.

బస్సు అప్పటికే కదిలింది.